‘మొదలెట్టేయండి’ అన్నది ఎవరు?

అమెరికా ఫెడరల్ కాంట్రాక్టుల మీద ఈసారి మూడు ప్రశ్నలు తీసుకున్నాం. మొదటిదానికి జవాబు కాస్త పెద్దదే. ఎక్కువ మంది దెబ్బతినేది అక్కడే.

ప్రశ్న: మాది చిన్న ఐటీ కంపెనీ. ఒక ఫెడరల్ ఏజెన్సీకి సాఫ్ట్‌వేర్ మెయింటెనెన్స్ చేస్తున్నాం. ఓ మీటింగ్‌లో వాళ్ల ప్రోగ్రామ్ మేనేజర్ ‘ఇంకో రెండు రిపోర్టులు కావాలి, మొదలెట్టేయండి’ అన్నారు. పక్కనున్న సీఓఆర్ (కాంట్రాక్టు పనిని పర్యవేక్షించే ఏజెన్సీ ఉద్యోగి) తలూపారు. 6 వారాలు పనిచేసి 38,000 డాలర్లకు ఇన్‌వాయిస్ పెడితే తిప్పి పంపారు. అడిగింది వాళ్లే కదా, డబ్బెందుకు ఇవ్వరు?

జవాబు: అడిగింది వాళ్లే. అడిగే అధికారం మాత్రం వాళ్లకు లేదు. ప్రభుత్వాన్ని ఒప్పందానికి కట్టుబడేలా చేయగలిగేది కాంట్రాక్టింగ్ ఆఫీసరే. ఆ అధికారం కూడా వారంట్‌లో, అంటే ఎస్‌ఎఫ్-1402 (స్టాండర్డ్ ఫారం 1402) నియామక పత్రంలో, రాసిన పరిమితి వరకే. సీఓఆర్ అంటే కాంట్రాక్టింగ్ ఆఫీసర్ ప్రతినిధి. పని చూడొచ్చు, నాణ్యత మీద నివేదిక ఇవ్వొచ్చు. ధర, పరిమాణం, గడువు, పని పరిధి మార్చలేరు. ‘పెద్దాయన మాట నమ్మాం’ అనే వాదన ప్రభుత్వం దగ్గర నిలవదు. ఎదుటి అధికారికి ఆ అధికారం ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత వ్యవహారం చేసేవారిదేనని 1947లోనే మెరిల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కఠినంగా అనిపిస్తుంది గానీ, పన్ను డబ్బుకు అదే కాపలా.

అలాగని అంతా పోయినట్టు కాదు. ఇలాంటి పనిని అనధికార ఒప్పుదల అంటారు. దాన్ని తర్వాత ఆమోదించే దారికి రాటిఫికేషన్ అని పేరు. దానికి కొన్ని షరతులున్నాయి. ప్రభుత్వం ఆ రిపోర్టులు అందుకుని అంగీకరించి ఉండాలి, లేదా వాటివల్ల మరోలా లబ్ధి పొంది ఉండాలి. ధర సమంజసమని కాంట్రాక్టింగ్ ఆఫీసర్ తేల్చి, చెల్లించమని సిఫార్సు చేయాలి. సక్రమంగా వెళ్లి ఉంటే ఆ కాంట్రాక్టు చెల్లేదే అయ్యుండాలి. ఆ పని పురమాయించిన నాటికే నిధులు అందుబాటులో ఉండి ఉండాలి, ఇప్పుడూ ఉండాలి. చాలా ఫైళ్లు ఈ నిధుల షరతు దగ్గరే ఆగిపోతాయి. ఆమోదించే అధికారం పై స్థాయి వారిది కాబట్టి నెలలు పట్టొచ్చు. మీ వంతుగా మీటింగ్ తేదీ, హాజరైనవాళ్ల పేర్లు, ఆనాటి ఈమెయిళ్లు, రిపోర్టులు అందుకున్నట్టు వాళ్లు పంపిన సమాధానం, లేబర్ కేటగిరీల (సీనియర్, జూనియర్ వంటి ఉద్యోగి స్థాయిల) వారీగా గంటలు, కాంట్రాక్టు రేటుతో వేసిన లెక్క కలిపి కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌కే పంపండి. ప్రోగ్రామ్ మేనేజర్‌కు పంపితే అది అక్కడే చల్లారిపోతుంది. 1978 నాటి కాంట్రాక్టు వివాదాల చట్టం కింద క్లెయిమ్ కూడా వేయొచ్చు. మీ మొత్తం లక్ష డాలర్ల లోపే కాబట్టి క్లెయిమ్ సరైనదేనని ధ్రువీకరించే సర్టిఫికేషన్ అక్కర్లేదు. 60 రోజుల్లో నిర్ణయం కావాలని రాతపూర్వకంగా అడగొచ్చు. అధికారం ప్రశ్న అక్కడా వెంటాడుతుందని మాత్రం మరవకండి.

ఇకపై మీటింగ్‌లో ఇలాంటి మాట వినబడితే, ఆ సాయంత్రమే రెండు వాక్యాల ఈమెయిల్ పంపండి: ‘ఈరోజు అడిగిన రెండు రిపోర్టులు కాంట్రాక్టు పరిధిలో లేవని మా అవగాహన. కాంట్రాక్టింగ్ ఆఫీసర్ సంతకంతో మార్పు అందాక మొదలుపెడతాం.’ ఆ మార్పు వచ్చేది ఎస్‌ఎఫ్-30 ఫారం మీద. అందగానే మూడు గడులు చూడండి: 12లో నిధుల వివరం, 14లో ఏం మారిందో, 16లో కాంట్రాక్టింగ్ ఆఫీసర్ పేరు, సంతకం, తేదీ. పదహారో గడి ఖాళీగా ఉన్న కాగితాన్ని చూసి ఎవరినీ పనిలోకి దింపకండి.

ప్రశ్న: నేను ఏజెన్సీలో ఇంజినీర్‌ని. నన్ను సీఓఆర్‌గా వేశారు. శిక్షణ ఎంత? ఎక్కడ జారిపడతాం?

జవాబు: సివిలియన్ (రక్షణ శాఖ కాని) ఏజెన్సీలకు 2011లో ఖరారైన పద్ధతిలో మూడు స్థాయిలు. మొదటిదానికి 8 గంటల శిక్షణ, రెండోదానికి 40 గంటలతో పాటు ఏడాది అనుభవం, మూడోదానికి 60 గంటలు, రెండేళ్ల అనుభవం. మీకు ఏ స్థాయి కావాలో కాంట్రాక్టు సంక్లిష్టతను బట్టి ఉంటుంది. ఏజెన్సీలోని అక్విజిషన్ కెరీర్ మేనేజర్‌ను అడగండి. నియామక పత్రం చేతికొచ్చాకే బాధ్యత మొదలవుతుంది. అందులో మీరు చేయగలిగేదీ, చేయకూడనిదీ రెండూ రాసి ఉంటాయి. ఆ రెండో భాగాన్ని రెండుసార్లు చదవండి.

జారిపడేది ఎక్కువగా ఇన్‌వాయిస్ దగ్గర. టైమ్ అండ్ మెటీరియల్స్ (పనిగంటలకు, సామగ్రికి లెక్కకట్టి చెల్లించే) కాంట్రాక్టులో సీనియర్ రేటు వేసి జూనియర్‌తో పనిచేయించడం కొత్త విద్యేం కాదు. గంటలను టైమ్‌షీట్‌తో, మనిషి అర్హతను కాంట్రాక్టులోని లేబర్ కేటగిరీతో సరిచూడకుండా సంతకం పెట్టొద్దు. లోపమున్న ఇన్‌వాయిస్‌ను సాధారణంగా 7 రోజుల్లో కారణం రాసి వెనక్కి పంపాలి. సరైనదైతే మామూలుగా 30 రోజుల్లో చెల్లింపు జరగాలి. దాటితే కాంట్రాక్టర్ అడక్కపోయినా వడ్డీ పడుతుంది, అది మీ కార్యక్రమం బడ్జెట్ నుంచే పోతుంది. కాబట్టి ఇన్‌వాయిస్‌ను టేబుల్ మీద పెట్టుకుని సెలవు మీద వెళ్లకండి.

ప్రశ్న: ఇండియాలో బీకాం చేశాను, ఇప్పుడు అమెరికా పౌరసత్వం ఉంది. కాంట్రాక్ట్ స్పెషలిస్ట్ ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: వచ్చే అవకాశం బాగానే ఉంది. ఆ ఉద్యోగాల సిరీస్ సంఖ్య 1102. సివిలియన్ ఏజెన్సీల్లో జీఎస్-5 నుంచి జీఎస్-12 వరకు (జీఎస్ అంటే ఫెడరల్ ఉద్యోగుల జీతం గ్రేడు) బ్యాచిలర్ డిగ్రీ గానీ, అకౌంటింగ్, ఎకనామిక్స్, ఫైనాన్స్, లా, మార్కెటింగ్ వంటి సబ్జెక్టుల్లో 24 సెమిస్టర్ గంటలు (కాలేజీ కోర్సుల క్రెడిట్లు) గానీ చూస్తారు. జీఎస్-13 నుంచి రెండూ ఉండాలి. విదేశీ చదువుకు గుర్తింపు పొందిన సంస్థ చేసిన మూల్యాంకన పత్రం జతచేయాలి. మూడేళ్ల బీకాంను నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా లెక్కించకపోవచ్చు. అయినా అకౌంటింగ్, ఎకనామిక్స్ కోర్సులు కలిపితే 24 గంటలు దాటే అవకాశం ఎక్కువ. అందుకే మొత్తం డిగ్రీకి మాత్రమే కాక, కోర్సుల వారీగా మూల్యాంకనం చేయించుకోండి. రేటు కాస్త ఎక్కువైనా అదే పనికొస్తుంది. చేరాక ఎఫ్‌ఏసీ-సీ ప్రొఫెషనల్ అనే ఫెడరల్ కాంట్రాక్టింగ్ సర్టిఫికేషన్ తెచ్చుకోవాలి. 2023 నుంచి మూడు స్థాయిలు పోయి ఒకటే మిగిలింది: నాలుగు కోర్సులు, ఒక పరీక్ష, ఏడాది అనుభవం. ఆ తర్వాత ప్రతి రెండేళ్లకూ 100 శిక్షణ పాయింట్లు. రక్షణ శాఖ నియమాలు వేరు, వాళ్ల ప్రకటనలను విడిగా చదవండి.