మెషిన్ల కన్నా ముందు తలుపు సంగతి తేల్చుకో

పాలకొల్లు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవించి రాయునది.

పెరట్లో వడ్రంగం పనికి వేస్తున్న షెడ్డు గోడలు లేచాయని, టేబుల్ సా (బల్లకి బిగించిన కరెంటు రంపం), ప్లేనర్ (చెక్కని చిత్రిక పట్టే మెషిన్) ఏవి కొనాలో చెప్పమని అడిగావు. వాటి సంగతి తర్వాత చూద్దాం. గుమ్మం ఇంకా నిలబెట్టలేదన్నావు కదా, ముందు అది తేల్చుకో. మెషిన్ల ఖరీదు ముందు తలుపు ఖర్చు ఏపాటిదిలే అని అందరూ దాన్ని చివరికి వదిలేస్తారు. మెషిన్ నచ్చకపోతే అమ్మేసి ఇంకోటి తెచ్చుకోవచ్చు. గుమ్మం చోటు కుదరకపోతే గోడ పగలగొట్టాలి.

నీ షెడ్డు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. ఎనిమిది అడుగుల పలకని నిలువునా చీల్చాలంటే రంపానికి ముందు ఎనిమిది అడుగులు, వెనక ఎనిమిది అడుగులు ఖాళీ కావాలి. అది కాక నువ్వు నిలబడే చోటు. ఆ ఒక్క పలకకే నీ షెడ్డు చాలదు. ఇక పది అడుగుల టేకు పలక వస్తే ఏం చేస్తావు? అందుకే గుమ్మం 12 అడుగుల గోడకి పెట్టు. టేబుల్ సాని ఆ గుమ్మానికి ఎదురుగా, బ్లేడు వరస గుమ్మంలోంచి బయటికి పోయేలా నిలబెట్టు. కోసుకుంటూ పోతుంటే పలక కొస తలుపు దాటి పెరట్లోకి వెళ్తుంది. అక్కడ రోలరు స్టాండు ఒకటి పెట్టుకుంటే ఆ పది అడుగుల పలకయినా ఒక్కడివే కోసుకోవచ్చు. మెషిన్ నడుస్తున్నప్పుడు మాత్రం ఆ గుమ్మం ముందు ఎవరినీ నిలబడనీయకు.

ఏ దిక్కు అని మీ అమ్మ అడుగుతుంది. ఉత్తరం పెట్టు. వాస్తు చూసేవాళ్ళూ కాదనరు, నీకూ ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ పొడ నేరుగా పడకుండా నికరమైన వెలుగు వస్తుంది. ఉలి పదును చూసుకోవాలన్నా, పాలిష్ సమంగా పడిందో లేదో చూడాలన్నా ఆ వెలుగే కావాలి. వానంటావా, మన వైపు అది ఏ గోడనీ వదలదు. నైరుతి జల్లు పడమటి నుంచి కొడుతుంది, కార్తీకంలో వాయుగుండం పడితే తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి కొడుతుంది. గుమ్మం మీద మూడున్నర అడుగుల చూరు దించకుండా ఏ తలుపు పెట్టినా దండగే.

కొలత ఆరడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉంచు. ఇంటి గుమ్మం లెక్కన మూడున్నర, ఏడు అంటే చాలదు. ప్లైవుడ్ షీటు ఎనిమిది అడుగులు, నాలుగు అడుగులు. ఒక్కడివే మోస్తున్నప్పుడు అది నిలువుగా వస్తుందో అడ్డంగా వస్తుందో నీ చేతిలో ఉండదు. పైగా లోపల బీరువా చేసి, బిగించి, పాలిష్ పెట్టాక అది బయటికి రావాలి కదా. ఆరడుగుల్ని సగం సగం చెయ్యకు. ఒక రెక్క మూడున్నర, రెండోది రెండున్నర పెట్టు. రోజూ తెరిచేది పెద్ద రెక్క. బ్లేడు వరస దాని మధ్యకి వచ్చేలా చూసుకుంటే చెక్క కోసేటప్పుడు అదొక్కటి తెరిస్తే చాలు. సరుకు వచ్చిన రోజునే రెండోది తెరువు.

ఇక షట్టర్ మాట. బావగారు షట్టర్ అన్నారని రాశావు. బజారులో కొట్టుకి అది సరిపోతుంది, నీ షెడ్డుకి వద్దు. మీ సఖినేటిపల్లి వైపు సముద్రం గాలికి షట్టర్ రేకు, పక్క చానళ్ళు తుప్పు పట్టి రెండు మూడేళ్ళకే మొరాయిస్తాయి. ఆ చానళ్ళలో రంపపు పొట్టు, తేమ కలిసి ముద్ద కడుతుంది. ఎండాకాలం ఆ రేకు దగ్గర నిలబడలేం, గాలి వీస్తే పనిచేసుకోనీయకుండా దడదడలాడుతుంది. పై పట్టాల మీద పక్కకి జరిగే తలుపు చూడటానికి బాగుంటుంది గానీ, దానికి పక్కన ఆరడుగుల ఖాళీ గోడ కావాలి. గోడకీ తలుపుకీ మధ్య సందులోంచి జల్లూ దోమలూ రెండూ వస్తాయి, మెషిన్ శబ్దం బయటికి పోతుంది. మధ్యాహ్నం కునుకు తీసే పక్కింటి పెద్దవాళ్ళు నీకున్నారు. చెక్క ఎంత మందంగా ఉన్నా సందు ఉంటే శబ్దం ఆగదు. కాబట్టి రెండు రెక్కల చెక్క తలుపే చేయించు. చేయించడం ఎందుకు, నువ్వే చెయ్యి. నీ షెడ్డులో మొదటి పని అదే అవుతుంది.

రెక్కలు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరిస్తే ఆ మేర నేల దండగ. నిప్పు అంటుకుంటే (థిన్నరు, పాలిష్, పొట్టు ఉన్న చోట ఆ భయం ఎప్పుడూ ఉండాల్సిందే) తోసుకుని బయటపడటానికీ అదే మేలు. తుఫానుకీ అదే మంచిది. బయటి గాలి రెక్కని గుమ్మానికి ఇంకా గట్టిగా అదుముతుంది. లోపలికి తెరుచుకునే తలుపైతే గాలి తోపంతా గడియ మీదే పడుతుంది. 1996 నవంబరు 6 తుఫాను మన కోనసీమ కొబ్బరి తోటల్ని ఎలా పడుకోబెట్టిందో నీకు అమ్మ చెప్పే ఉంటుంది. అంత గాలిలో ఒక్క తలుపు ఊడి గాలి లోపలికి దూరితే, అది కింద నుంచి రేకుల్ని ఎత్తేస్తుంది. పైన లాగే గాలి ఎలాగూ లాగుతూనే ఉంటుంది. నీ పైకప్పు రేకులది కదా, దాన్ని కాపాడేది సగం ఈ తలుపే. పైనా కిందా పొడవాటి టవర్ బోల్టులు పెట్టు. కింది బోల్టు కాంక్రీటులో కనీసం రెండంగుళాలు దిగాలి. వాటితో ఊరుకోకుండా పాత మండువా ఇళ్ళలోలా లోపల అడ్డకర్ర వేసుకునే ఏర్పాటు చెయ్యి. కాకపోతే నీ రెక్కలు బయటికి తెరుచుకుంటాయి కాబట్టి కొక్కేలు గోడలకి కాక రెక్కలకి బిగించి, కర్ర కొసలు రెండు వైపులా గోడలకి లోపలి నుంచి ఆనేలా చూడు. బయటికి తెరిచే తలుపుకి బందుల పిన్నులు బయటే ఉంటాయి, దొంగ వాటిని కొట్టి లాగేయగలడు. పిన్ను ఊడని రకం అడిగి తీసుకో. గొళ్ళేనికి స్క్రూలు కాకుండా చెక్కలోంచి దూరే బోల్టులు వేసి లోపల నట్లు బిగించు.

రెక్క తయారీ దగ్గర కాస్త నిదానించు. ఎనిమిది అడుగుల ఎత్తు, మూడున్నర వెడల్పు, అంగుళంన్నర మందంలో మొత్తం టేకు పలకలే వేస్తే ఒక్క రెక్కే అరవై కిలోలు దాటుతుంది. అంత బరువుకి బందులు వేళ్ళాడిపోతాయి. పైగా పలక వెడల్పు ఎంత ఉంటే వానాకాలం అంత ఉబ్బుతుంది. వైశాఖంలో చక్కగా పడిన తలుపు శ్రావణంలో తెరుచుకోదు. అందుకని చుట్టూ నాలుగంగుళాల టేకు పట్టీలతో చట్రం కట్టి, మధ్యలో 12 ఎంఎం మెరైన్ ప్లై వెయ్యి. షీటు మీద ఐఎస్ 710 ముద్ర (మెరైన్ ప్లైకి ఉన్న భారతీయ ప్రమాణం) చూసి కొను. మామూలు ప్లై మన తేమకి పొరలు విడిపోతుంది. అప్పుడు ఉబ్బేది నిలువు పట్టీల వెడల్పు మాత్రమే. టేకు మీద పెట్టలేనంటే బాగా ఆరిన వేపో పనసో చూడు, మామిడి మాత్రం వద్దు, పురుగు పట్టేస్తుంది. దొడ్లో కొట్టిన వేప దుంగ ఉందన్నావు, దాన్ని ఇప్పుడే వాడకు. అంగుళం మందానికి ఏడాది చొప్పున నీడలో ఆరనీ.

చట్రానికి పైన, పక్కల గాడి తీసి ప్లైని అందులో కూర్చోబెట్టొచ్చు. కింది అడ్డపట్టీకి మాత్రం గాడి పెట్టకు. గాడి ఉంటే జల్లు నీళ్ళు అందులో నిలిచి, రెండు వానాకాలాల్లో ఆ పట్టీ కుళ్ళుతుంది. ప్లైని ఆ పట్టీ మీదుగా బయటి వైపు అంగుళం కిందికి దించి స్క్రూలు బిగించు, నీళ్ళు జారి కింద పడతాయి. రెక్క లోపలి వైపు ఒక ఏటవాలు పట్టీ కావాలి. దాని కింది కొస బందుల వైపు, పై కొస గడియ వైపు ఉండాలి. అలా ఉంటే రెక్క బరువు పట్టీ గుండా కింది బందు మీదికి దిగుతుంది. తిరగేసి వేస్తే అది ఉన్నా లేనట్టే, ఏడాదిలో రెక్క కొస నేలని రాస్తుంది. బిగించే ముందే రెక్క కింది అంచుకీ, ప్లై అంచులన్నిటికీ రెండు కోట్లు ప్రైమరు పట్టించు. తగిలించాక అక్కడికి బ్రష్షు పోదు. సందు సంగతికొస్తే, వేసవిలో బిగిస్తే చుట్టూ నాలుగు ఎంఎం వదులు, వానల్లో అయితే రెండు చాలు. ఒక్కో రెక్కకి అయిదంగుళాల బందులు నాలుగు, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి. స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్‌వే కొను, ఇనప స్క్రూలు పడ్డాయా మీ ఉప్పు గాలికి అవే ముందు పోతాయి. రెక్క పూర్తిగా తెరిచి గోడకి ఆనించాక పట్టుకునే కొక్కెం మరచిపోకు. చెక్క కోస్తుండగా మధ్యాహ్నం గాలికి రెక్క వచ్చి పలకని కొట్టిందంటే చెయ్యి బ్లేడు మీదికి పోతుంది.

గడప గురించి అక్కతో మాట్లాడాను. గడప లేకుండా పసుపు ఎక్కడ రాయాలి అంటుంది. నీకేమో మెషిన్లు చక్రాల మీద బయటికి దొర్లాలి. రెండూ కుదురుతాయి. గుమ్మానికి రెండు వైపులా స్టెయిన్‌లెస్ చానల్ ముక్కలు బిగించి, అందులో దిగే టేకు పట్టీని గడపగా చెయ్యి. అవసరమైనప్పుడు ఎత్తేసుకోవచ్చు. గోదావరి పెరిగి కాలవలు పొంగినప్పుడు దాని మీద ఇంకో పట్టీ వేసి కింద రబ్బరు అంచు పెడితే ముంగిట్లో నిలిచిన నీళ్ళు చప్పున లోపలికి రావు. వానాకాలం పాములూ కప్పలూ దూరకుండా రాత్రిళ్ళు గడప దిగే ఉండాలి.

షెడ్డుకీ ఇంటికీ మధ్య కూడా ఒక తలుపు పెడతానన్నావు. పెట్టొద్దనను గానీ అది మామూలు తలుపు కాకూడదు. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. చంటిపిల్ల ఉన్న ఇల్లు నీది. తనంతట మూసుకునే డోర్ క్లోజర్, చుట్టూ రబ్బరు అంచు పెట్టు. కంటి ఎత్తులో చిన్న గాజు పలక కూడా కావాలి. కోడలమ్మాయి కాఫీ తెచ్చినప్పుడు నువ్వు రంపం దగ్గర ఉన్నావో లేదో అందులోంచి చూసి ఆగుతుంది. వెనక నుంచి భుజం తట్టి పిలిస్తే ఉలిక్కిపడి చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. మెషిన్ స్విచ్చుతో కలిపి అటువైపు ఎర్ర బల్బు వేయించు, అది వెలుగుతున్నంతసేపు ఎవరూ రాకూడదని ఇంట్లో అందరికీ చెప్పు. గొళ్ళెం మాత్రం పిల్లకి అందని ఎత్తులో.

గుమ్మం కట్టే ముందు గోడ ఫోటో, నేల నుంచి లింటెల్ దాకా కొలత పంపు. చానల్, బందులు నేను ఇక్కడ చూసి ఉంచుతాను.

ఇట్లు
మీ మామయ్య