మావారు ఫిలాసఫీ ప్రొఫెసర్, ఇంట్లో ఏం మాట్లాడినా వితండవాదమే

ప్రశ్న: మావారికి 59. యూనివర్సిటీలో న్యాయశాస్త్రం, అదే గౌతముడి తర్కం చెప్తారు. స్టూడెంట్స్‌తో రాత్రి పదకొండు దాకా ఫోన్లో మాట్లాడతారు, సాయంత్రం పార్కులో ఒక రిటైర్డ్ బ్యాంక్ ఆయనతో చెస్ ఆడుతూ పకపకా నవ్వుతారు. నాతో మాత్రం ఏదైనా వాదనే. చెల్లెలి కూతురి పెళ్లికి వెళ్దామంటే "వెళ్లాలి అనడానికి హేతువేంటి" అన్నారు. పిల్లలిద్దరూ అమెరికాలో. మూడేళ్లలో రిటైర్మెంట్, అప్పుడు రోజంతా ఇంట్లోనే ఉంటారంటే భయమేస్తోంది. నేను ఇంటర్‌తో ఆపేశాను, నాకేం తెలుసు. నెల నుంచి నిద్ర పట్టట్లేదు, తినబుద్ధి కావట్లేదు.

జవాబు: అమ్మా, హేతువు మాట చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత మీ స్థానంలో ఉంటే నాకు ఏడుపొచ్చేది అనిపించింది. నేను ఫిలాసఫీ డిగ్రీలో ఒక పేపర్‌గా చదివానంతే, ఆయనంత కాదు, కానీ మీకు పనికొచ్చే సంగతి ఒకటి ఆ శాస్త్రంలోనే ఉంది. గౌతముడి న్యాయసూత్రాల్లో చర్చ మూడు రకాలు. నిజం తేల్చుకోడానికి ఇద్దరూ కలిసి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షం అంటూ ఏదీ పెట్టకుండా అవతలివాళ్లది కొట్టేయడమే పని అయితే అది వితండం. మనం వాడే "వితండవాదం" అక్కణ్నించి వచ్చిందే, అంటే మీరు మీకు తెలీకుండానే కరెక్ట్ టెర్మ్ వాడారు. ఇంకా "నాకేం తెలుసు" ఏంటి?

జల్పం, వితండం ఎందుకు అంటే, మొలకని కాపాడడానికి ముళ్లకంప కట్టినట్టు, తత్వాన్ని కాపాడుకోడానికి అని ఆ సూత్రాల్లోనే ఉంది. సరే, ముళ్లకంప చేను చుట్టూ కడతారు గానీ వంటింటి గుమ్మానికి ఎవరన్నా కడతారా? ఇది సారుని తిట్టడానికి అనట్లేదు, ముప్పై ఏళ్లు క్లాసులో ప్రతి వాక్యంలోనూ దోషం వెతకడమే జీతంగా ఉన్న మనిషికి ఇంటికొచ్చాక ఆ అలవాటు స్విచ్ ఆఫ్ అవ్వదు, లాయర్ల ఇళ్లల్లో కూడా ఇదే గోల.

చెస్ మాన్పించాలని మాత్రం చూడకండి. డేవిడ్ హ్యూమ్ అని స్కాట్లాండ్ ఫిలాసఫర్, 1739లో అచ్చయిన పుస్తకంలో తనే రాసుకున్నాడు, ఆలోచించి ఆలోచించి దిగులు పడిపోతే ఫ్రెండ్స్‌తో భోంచేసి బ్యాక్‌గామన్ (పాచికలేసి ఆడే ఆటే) ఆడతాడట, మూడు నాలుగు గంటలయ్యాక ఆ ఆలోచనల దగ్గరికి మళ్లీ వెళ్తే అవన్నీ తనకే చప్పగా, నవ్వులాటగా కనిపిస్తాయట. మీవారికి ఆ పార్కు బెంచీ అలాంటిదే అనుకుంటా. పైగా అక్కడ అవతలాయన ఎత్తు వేసేదాకా ఆగుతున్నారు కదా, అంటే ఆగడం చేతనవును.

ఇంట్లో ఎలా ఆగాలో కూడా ఆయనకి తెలిసిన పద్ధతే. పూర్వపక్షం. మన శాస్త్రాల్లో ఎదుటివాళ్ల మాటని ముందు న్యాయంగా చెప్పాకే సమాధానం ఇవ్వాలి. మీరు అడగాల్సింది ఇదొక్కటే: "నేను చెప్పింది ముందు మీ నోటితో చెప్పండి, నేను అవునదే అన్నాక జవాబివ్వండి." రాత్రి భోజనాలయ్యాక ఓ పావుగంట, ఫోన్ పక్కన పడేసి. పెళ్లి గొడవతో మొదలుపెట్టకండి, అది ఆల్రెడీ పాడైంది (పెళ్లికి మీరొక్కరే వెళ్లిరండి, శుభ్రంగా). రిటైరయ్యాక ఎక్కడ ఉందాం, ఊళ్లోనా ఇక్కడా, దాంతో మొదలుపెట్టండి. రిటైర్మెంట్ అంటే భయం అని మీరు రాశారు, నాకైతే ఆయన భయం కూడా అదేనేమో అనిపిస్తోంది, రాత్రి పదకొండు దాకా స్టూడెంట్స్‌ని వదలకపోడం చూస్తే. మొదటి వారం తప్పకుండా ఎగతాళి చేస్తారు, చేయనివ్వండి, రెండోసారి అడగండి.

మీ ఉత్తరం చివర్లో చిన్నగా రాశారు, నెల నుంచి నిద్ర పట్టట్లేదు, తినబుద్ధి కావట్లేదు అని. ఇది ఆయన మారేదాకా ఆగే విషయం కాదు. ఈ వారమే డాక్టర్ని కలవండి, ఫ్యామిలీ డాక్టర్ అయినా సరే, థైరాయిడ్, షుగర్ కూడా ఓసారి చూపించుకోండి, అవసరమైతే వాళ్లే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు, సిగ్గుపడాల్సిందేం లేదు.

ఈ జవాబు సారుకి చూపించాలా అని డౌట్ వస్తుంది మీకు. చూపించండి. ఒకవేళ దీంట్లో తప్పులు పట్టడం మొదలుపెడితే, మూడింట్లో ఇది ఏ రకమండీ అని అడిగి కాఫీ పెట్టడానికి వెళ్లిపోండి.