పక్క మంచాల వాళ్లు లేవకుండా టైపు కొట్టాలంటే: కీబోర్డు కొనబోతున్న మేనల్లుడికి

అల్లుడూ,

పగలంతా తెలుగు టైపింగు, రాత్రి పదకొండు దాటాక వాలరెంట్ ఆట, అదే గదిలో పక్క మంచాల మీద ఇద్దరు రూంమేట్లు. నీ అవసరం ఇది కాబట్టి దానికి సరిపడా రాస్తున్నాను. డబ్బు కట్టకముందే పూర్తిగా చదువు.

ముందు స్విచ్ సంగతి. మెకానికల్ కీబోర్డులో ప్రతి మీట కిందా ఒక విడి స్విచ్ ఉంటుంది. బ్లూ రకం ప్రతి నొక్కుకీ కావాలనే టిక్కుమంటుంది, దాని జోలికి పోకు. బ్రౌన్‌లో వేలికి మధ్యలో చిన్న గతుకు తగులుతుంది. రెడ్ నున్నగా దిగిపోతుంది. "బ్రౌన్ అంటే సైలెంటే సార్" అని షాపులో చెబితే నమ్మకు. క్లిక్కు లేనంత మాత్రాన చప్పుడు లేనట్టు కాదు. మీట అడుగుకు దిగి ప్లాస్టిక్‌కు కొట్టుకునే దెబ్బ ఒకటి, వేలు తీశాక పైకి లేచి స్విచ్ మూతకు తగిలే దెబ్బ ఇంకొకటి. బ్రౌన్‌లోనూ రెడ్‌లోనూ ఈ రెండూ ఉంటాయి. సైలెంట్ అని ప్రత్యేకంగా చేసిన స్విచ్‌లలో మాత్రం లోపల కదిలే కాడకు మెత్తటి రబ్బరులాంటి ముక్కలు అతికించి ఉంటాయి. అవి కింది దెబ్బనూ పై దెబ్బనూ మింగేస్తాయి. మీటల కింద రబ్బరు రింగులు వేసుకొమ్మని ఎవరైనా సలహా ఇస్తే గుర్తుంచుకో, అవి కింది దెబ్బకే పనికొస్తాయి. పై దెబ్బ అలాగే ఉంటుంది, పైగా మీట దిగే లోతు తగ్గుతుంది.

నీకు నా సలహా సైలెంట్ లీనియర్, అంటే రెడ్‌లా గతుకు లేకుండా నున్నగా దిగే సైలెంట్ రకం. చెర్రీ కంపెనీ ఎంఎక్స్ సైలెంట్ రెడ్ స్విచ్‌ను కొలమానంగా పెట్టుకో. దాన్ని నొక్కడానికి కావలసిన బలం 45 గ్రాములు, 1.9 మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పడుతుంది, మొత్తం లోతు 3.7. ఇంతకంటే బాగా తేలిక స్విచ్ తీసుకుంటే ఆటలో డబ్ల్యూ, ఏ, ఎస్, డి మీద వేళ్లు ఆనించి ఉంచినప్పుడు వాటంతటవే నొక్కుకుపోతాయి. 'స్పీడ్' అని అమ్మేవి సుమారు 1.2 మిల్లీమీటర్లకే పలుకుతాయి. ఆటకు బాగానే ఉంటుంది కానీ టైపింగులో తప్పులు పెరుగుతాయి. వేలికి గతుకు తగలకపోతే టైపు కొట్టినట్టు ఉండదు అనుకుంటే సైలెంట్ టాక్టైల్ చూడు, బోబా యు4 లాంటిది. ఇక్కడ ఒక్క అక్షరంతో మోసపోతారు: యు4 నిశ్శబ్దం, యు4టి బాగా చప్పుడు చేసేది. ఆర్డరు పెట్టేటప్పుడు పేరు రెండుసార్లు చూసుకో.

సైలెంట్ స్విచ్ అడుగున కాస్త మెత్తగా, దిండు మీద నొక్కినట్టుంటుంది. మొదట్లో నచ్చకపోవచ్చు. ఓ వారం వాడాకే తీర్పు చెప్పు.

బోర్డు మాత్రం హాట్‌స్వాప్‌దే కొను. అంటే టంకం అక్కర్లేకుండా స్విచ్ ఊడదీసి ఇంకోటి గుచ్చుకునే రకం. సైలెంట్ స్విచ్‌లతోనే వచ్చే బోర్డులు తక్కువ కాబట్టి బోర్డు ఒకటి, స్విచ్‌లు విడిగా కొనుక్కోవడం మేలు. ఉన్న డబ్బంతా బోర్డుకే పెట్టెయ్యకు. కొనేముందు వివరాల్లో మూడు సంగతులు వెతుకు. సాకెట్ (స్విచ్ గుచ్చే గూడు) 5 పిన్నులదా, 3 పిన్నులదా? 3 పిన్నులదైతే 5 పిన్నుల స్విచ్‌కు ఉండే రెండు సన్న ప్లాస్టిక్ కాళ్లు గోళ్ల కత్తెరతో మొదలంటా తీసెయ్యొచ్చు. రాగి పిన్నుల్ని మాత్రం ముట్టుకోకు. కొన్ని చవక బోర్డుల సాకెట్లు అవుటెము కంపెనీ స్విచ్‌ల సన్న పిన్నులనే పట్టుకుంటాయి, వేరేవి దిగవు. లో ప్రొఫైల్ (పల్చటి రకం) బోర్డులో మామూలు స్విచ్‌లు సరిపోవు.

సైజు దగ్గర చాలామంది పొరబడతారు. 61 మీటల చిన్న బోర్డు ముద్దుగా ఉంటుంది, నువ్వు మాత్రం తీసుకోకు. ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషలకు ఉన్న ప్రామాణిక మీటల అమరిక) 'ఒ', 'ొ' రెండూ ఒకటో అంకెకు ఎడమ పక్కనున్న మీట మీద ఉంటాయి. చిన్న బోర్డుల్లో ఆ చోట ఎస్కేప్ ఉంటుంది. కొత్త, పొలం, రొట్టె, ఒకటి, ఇలా ప్రతి మాటకీ ఎఫ్ఎన్ మీట పట్టుకుని కొట్టాల్సి వస్తుంది. హిందీ కొట్టేవాళ్లకు ఆ మీటతో పెద్దగా పని పడదు, మనకు ప్రతి వాక్యంలోనూ పడుతుంది. 75 శాతం సైజు (పూర్తి కీబోర్డులో ముప్పాతిక వంతుది) తీసుకో, లేదా కుడి చివర విడి నంబర్ల గడి లేని 87 మీటలది. ఆ మీట రెండింటిలోనూ విడిగా ఉంటుంది, మౌసుకు చోటూ మిగులుతుంది. ఇంకో మాట: ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు డి మీదే, ఆటలో కుడికి జరగడమూ డి మీదే. బోర్డు మొత్తంలో ఎక్కువ దెబ్బలు తినే మీటల్లో అదొకటి. అందుకే 75 శాతం బోర్డుకు కూడా 90 స్విచ్‌ల ప్యాక్ కొని మిగిలినవి దాచుకో.

ఇప్పుడు అసలు విషయం. సైలెంట్ స్విచ్‌లు వేశాక కూడా గదిలో వినపడేది స్పేస్ బార్. పొడుగు మీటలు వంకర పోకుండా కింద తీగ ఒకటి ఉంటుంది, దాన్ని స్టెబిలైజర్ అంటారు. ఆ తీగ కొసలు ప్లాస్టిక్‌లో వదులుగా ఆడితే గలగలమంటుంది. చిన్న మీటలు నిశ్శబ్దమైన కొద్దీ ఇది ఇంకా గట్టిగా వినిపిస్తుంది. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల చెనాయ్ ట్రేడ్ సెంటర్) చూసి కొంటే ఆ రద్దీలో మొత్తం బోర్డు శబ్దం తెలియదు, చెవి దగ్గర పెట్టుకుని స్పేస్ బార్ ఎడమ కొస, కుడి కొస విడివిడిగా తట్టు. ఒక కొసనే టిక్కుమంటే ఆ వైపు తీగ వదులుగా ఉన్నట్టు. ఎంటర్, బ్యాక్‌స్పేస్, ఎడమ షిఫ్ట్ కూడా అలాగే చూడు.

దీనికి మందు గ్రీజు. డైఎలక్ట్రిక్ గ్రీజు గానీ క్రైటాక్స్ 205జి0 గానీ సన్న సూది సిరంజిలో తీసుకో. మీటను రెండు కొసలా సమంగా పైకి లాగు. ఒక పక్కే లాగితే తీగ ఊడుతుంది. తీగ కొస ప్లాస్టిక్‌లోకి దూరే చోట బియ్యపు గింజలో సగమంత పెట్టి, ఆ కాడను ఇరవై ముప్ఫైసార్లు కిందికీ పైకీ ఆడించు. టిక్కు పోలేదంటే ఇంకాస్త. ఎక్కువైతే మీట బద్ధకంగా లేస్తుంది, అప్పుడు తుడిచి మళ్లీ మొదలుపెట్టు. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె వద్దు. పల్చగా కిందికి కారి స్విచ్‌లోకి దిగుతాయి, దుమ్ము పడతాయి, కొబ్బరినూనె అయితే చలికాలం గడ్డకడుతుంది. సైలెంట్ స్విచ్‌ల లోపల గ్రీజు పూయాలని చూడకు. ఆ రబ్బరు ముక్కలకు అంటితే మీట జిగురుగా అతుక్కుంటుంది.

స్విచ్‌లు మార్చేటప్పుడు కేబుల్ తీసెయ్. పుల్లర్‌తో (స్విచ్‌లు లాగే చిన్న పట్టకారు) స్విచ్ పైనా కిందా ఉన్న కొక్కేలు నొక్కి నిటారుగా లాగు, ఊపొద్దు. కొత్తది పెట్టేముందు రెండు రాగి పిన్నులూ తిన్నగా ఉన్నాయో లేదో వెలుతురులో చూడు. ఏ మీటైనా పలకకపోతే నూటికి తొంభైసార్లు వంగిన పిన్నే కారణం. దిగనంటే బలవంతం చెయ్యకు, తీసి పిన్ను సరిచెయ్. మొరటుగా నొక్కితే వెనక సాకెట్టే బోర్డు నుంచి ఊడొస్తుంది, అప్పుడు టంకం పట్టాల్సిందే.

మీటల మూతలు పీబీటీ ప్లాస్టిక్‌వి, మందంగా ఉన్నవి అయితే శబ్దం కాస్త బొంగురుగా, తక్కువగా వస్తుంది. బోర్డు కింద మూడు నాలుగు మిల్లీమీటర్ల మ్యాట్ తప్పనిసరి, ఎందుకంటే రేకు బల్ల గానీ పల్చటి ప్లైవుడ్ గానీ ప్రతి దెబ్బనూ డప్పులా పెంచుతుంది. లోపలి సర్క్యూట్ బోర్డు వెనక టేపు అంటించే చిట్కా శబ్దం స్వరాన్ని మారుస్తుంది, తగ్గిస్తుందని ఆశపడకు.

ఆటకు తీగతో గానీ 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో గానీ ఆడు, బ్లూటూత్ టైపింగుకు ఉంచుకో. మాగ్నెటిక్ కీబోర్డుల (నొక్కును అయస్కాంతంతో పసిగట్టేవి) మోజు ఇప్పుడు బాగా ఉంది కానీ వాటిలో చాలావరకు నీ సైలెంట్ స్విచ్‌లు పట్టవు. ఏ, డి లాంటి ఎదురెదురు దిక్కుల మీటలు రెండూ నొక్కితే ఏది పలకాలో కీబోర్డే సర్దే వాటి సదుపాయాన్ని కౌంటర్ స్ట్రైక్ 2 ఆట అధికారిక సర్వర్లలో 2024 ఆగస్టు నుంచి నిషేధించారు కూడా. వాటికి డబ్బు దండగ చేసుకోకు.

పెట్టె రాగానే, స్విచ్‌లు మార్చకముందే, కీబోర్డు టెస్టర్‌లో (నొక్కిన మీటను తెర మీద వెలిగించి చూపే వెబ్‌సైటు) ప్రతి మీటా ఒకసారి నొక్కి చూడు. ఎడమ షిఫ్ట్, డబ్ల్యూ, డి, స్పేస్ నాలుగూ ఒకేసారి పట్టుకుని అన్నీ వెలుగుతున్నాయో చూడు. వెలగకపోతే ఏమీ విప్పకుండా గడువులోపలే వెనక్కి పంపెయ్.

మామయ్య