సామాను తగ్గితేనే సందడి తగ్గుతుంది

ప్రశ్న: రోజువారీ హడావుడికి దూరంగా కొంత ప్రశాంతంగా గడపాలన్న ఆశతో కిందటి సెలవుల్లో మేము భార్యాభర్తలం, 14 ఏళ్ల అమ్మాయి, 8 ఏళ్ల అబ్బాయి కలిసి రెండు రాత్రులు ఆరుబయట గుడారంలో ఉండి వచ్చాం. కారు నిండా సామాను తీసుకెళ్లినా, ఏ వస్తువు ఎక్కడుందో వెతుక్కోవడంతోనే సగం పొద్దు గడిచిపోయింది. వంట, సర్దుడు నా మీదే పడ్డాయి. ఫోన్‌కు సిగ్నల్ లేదని అమ్మాయి అలిగింది. చలికి ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు. మళ్లీ వెళదామని అబ్బాయి అడుగుతున్నాడు. ఇందులో నిజంగా ప్రశాంతత ఉందా, లేక మాలాంటివారికి ఇది సరిపడదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో చెట్టు గురించి గానీ, ఆకాశం గురించి గానీ ఒక్క మాట కూడా లేదు. ఉన్నదంతా సామాను, పని, అలక. ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో అక్కడా వారే ఆ పని చేశారు, కాకపోతే కుళాయి, వంటగట్టు, బీరువా లేకుండా చేయాల్సి వచ్చింది. అలాంటప్పుడు అలసట రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. కాబట్టి ఈసారి మంచి చోటు కోసం వెతకడానికి ముందు పనులు పంచుకోండి. వంట బాధ్యత పూర్తిగా మీవారికి అప్పగించి, ఆయన ఎలా చేసినా సలహా ఇవ్వకుండా ఉండగలిగితే మీ విశ్రాంతి అక్కడే మొదలవుతుంది. నీళ్లు తేవడం, మేకులు దిగ్గొట్టడం 8 ఏళ్ల పిల్లవాడు ఉత్సాహంగా చేసే పనులే. గుడారాన్ని బయలుదేరే ముందే ఒకసారి ఇంటి దగ్గర వేసి చూసుకుంటే, చీకటి పడే వేళ గొడవ పడనక్కరలేదు.

సామాను విషయంలో నాది కొంచెం కఠినమైన అభిప్రాయం: ఎవరి బట్టలు వారే ఒక్క సంచిలో సర్దుకుని మోసుకోవాలి, వంటకు ఒక్క గిన్నె, ఒక్క పొయ్యి చాలు. నాలుగు గిన్నెలుంటే ఏది వాడాలో తేల్చుకోవాలి, నాలుగూ తోమాలి, నాలుగూ వెతకాలి. ఆరుబయట దొరికే తేలికదనంలో చాలా భాగం ఈ తేల్చుకోవడాలు తగ్గడం వల్లే వస్తుందని నా నమ్మకం. అయితే కింద పరుచుకునే మందపాటి ఫోమ్ చాపల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. ఒంటి బరువుకు అణిగిపోయిన దుప్పటి చలిని ఆపలేదు, నేల ఒంట్లోని వేడిని లాగేసుకుంటుంది. మీకు నిద్ర పట్టకపోవడానికి ఇదే కారణమై ఉండవచ్చు. చలిగా ఉందని గుడారం గాలిమార్గాలు మూసేస్తే ఊపిరి తేమ లోపలి గుడ్డ మీద నీరుగా పేరుకుంటుంది కనుక వాటిని తెరిచే ఉంచండి. ఇక పొయ్యినీ, నిప్పులనూ మాత్రం ఎంత చలి వేసినా లోపలికి తేకూడదు, వాటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాసనైనా తెలియకుండా ప్రాణం తీస్తుంది.

సాయంత్రాల గురించి ఒక పరిశోధన చెబుతాను. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన కెనెత్ రైట్ బృందం 8 మందిని వారం రోజుల పాటు రాకీ పర్వతాల్లో, పగటి వెలుగు, చలిమంట తప్ప మరో వెలుతురు లేకుండా ఉంచి చూసింది. వారి శరీర గడియారం దాదాపు రెండు గంటలు ముందుకు జరిగిందని, అంటే రాత్రి త్వరగా నిద్రకు సిద్ధమైందని 2013లో ప్రకటించింది. ఒక్క వారాంతం గడిపినా ఈ మార్పు చాలావరకు కనిపిస్తుందని 2017లో తెలిపింది. దీపాలు వెంట తీసుకెళ్లి రాత్రి పది దాకా వెలిగించుకుంటే ఈ లాభం దక్కదు.

అమ్మాయి ఫోన్ లాక్కోకండి, ముందు మీ ఇద్దరి ఫోన్లు కారులో పెట్టండి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుందని, మధ్యలో ఎవరో ఒకరు తెర వెలిగిస్తే చుక్కలు చూడడానికి అందరూ మళ్లీ మొదటి నుంచి ఆగాలని చెబితే, అది శిక్షలా కాక ఒక ఏర్పాటులా వినిపిస్తుంది. దాంతో పాటు గుడారం ఎక్కడ వేయాలో తేల్చే అధికారం ఆ అమ్మాయికే ఇవ్వండి. ఎండుకొమ్మల కింద వద్దు, వాన వస్తే నీరు పారే ఎండు వాగులో వద్దు, నీటి ఒడ్డు నుంచి కనీసం 60 మీటర్లు ఎడంగా ఉండాలి. ఈ మూడూ చూసుకున్నాక తన మాటే చివరి మాట. అప్పటికీ విసుగనిపిస్తే అననివ్వండి, దాన్ని పోగొట్టే బాధ్యత మీరు నెత్తికెత్తుకోవద్దు. ఉరుము వినిపిస్తే మాత్రం ఎవరి అభిప్రాయమూ అడగకుండా అందరూ కారులోకి వెళ్లి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగండి, పిడుగు నుంచి గుడారం కాపాడలేదు.

మొదట ఒక్క రాత్రికే, దగ్గరి చోటికే వెళ్లండి. చూడవలసిన ప్రదేశాల పట్టిక వేసుకోకండి. ఇన్ని మార్చాక కూడా మీకు నచ్చకపోతే మొహమాటపడకుండా ఆ మాట చెప్పండి. తండ్రి పిల్లలిద్దరినీ తీసుకుని వెళ్లి వస్తారు, మీరు ఇంట్లోనే ఉండవచ్చు.