కళ్లు మూసుకుంటే ఆందోళన పెరుగుతోందా? నడక ధ్యానం చేసి చూడండి

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ చదువుతూ హాస్టల్‌లో ఉంటున్నాను. పరీక్షలు దగ్గరపడినప్పటి నుంచి అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టడం లేదు. ధ్యానానికి కూర్చుని కళ్లు మూసుకుంటే ఆందోళన ఇంకా పెరుగుతోంది. క్యాంపస్‌లో నడుస్తూ ధ్యానం చేయమని స్నేహితురాలు చెబుతోంది. ఉపయోగం ఉంటుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా ప్రయత్నించవచ్చు. ఆందోళనతో ఉన్న కొందరికి కళ్లు మూసుకోగానే గుండె దడ, ఆలోచనలు మరింత ఎక్కువగా తెలుస్తాయి. ఇందులో మీ లోపమేమీ లేదు. బౌద్ధ భిక్షువులు చంక్రమణం పేరుతో శతాబ్దాలుగా చేస్తున్న సాధన ఇది కాబట్టి, కూర్చోలేనివారికి చెప్పే తక్కువరకం పద్ధతి అనుకోకండి.

తెల్లవారాక, ఎండ ముదరకముందే, ఫోన్ గదిలో ఉంచి, మామూలుకంటే నెమ్మదిగా ఒక పావుగంట నడవండి. మడమ నేలకు ఆనడం, బరువు మునివేళ్ల మీదికి మారడం గమనిస్తూ ఉండండి. మనసు సిలబస్ మీదికి పోయిందని తెలిసిన క్షణాన తిరిగి పాదాల దగ్గరికి తెచ్చుకుంటే చాలు. రోజూ ఒకే దారిలో వెళ్లండి. కొత్త చోటు చూడాలన్న తొందర లేనప్పుడే, ఒకే కానుగ చెట్టు కింద నిన్న పచ్చిగా ఉన్న లేత ఊదా పూలు ఇవాళ వాడి గోధుమరంగుకు తిరగడం, లేత ఆకు మెరుపు తగ్గి ముదరడం కంటపడతాయి. అడుగులు లెక్కపెట్టడం, ఫొటోలు తీయడం మొదలుపెడితే అది కూడా మరో పరీక్షగా మారుతుందని నా అభిప్రాయం.

చదువుతో అలసిన ఏకాగ్రత, శ్రమ లేకుండానే మనసును ఆకట్టుకునే చెట్లు, మబ్బులు, నీళ్ల మధ్య తేరుకుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్తలైన రేచల్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు 1989లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. పైగా ఉదయపు వెలుతురు శరీర గడియారాన్ని సరిచేసి, రాత్రి వేళకు నిద్ర రావడానికి తోడ్పడుతుంది. అయితే మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీలు మానకపోతే ఆ ఫలితం తగ్గవచ్చు.

మీ క్యాంపస్‌లో పొదలు, బండరాళ్లు ఎక్కువ కనుక పాములుంటాయి. రోడ్డు దిగకండి, చెప్పులకు బదులు బూట్లు వేసుకోండి, తోడుగా మీ స్నేహితురాలిని తీసుకెళ్లండి. నెమళ్లు కనిపిస్తే దూరం నుంచే చూడండి, మేత వేయకండి.

నిద్రలేమి, దిగులు రెండు వారాలకు మించి కొనసాగితే, లేదా తిండి, చదువు దెబ్బతింటుంటే నడక ఒక్కటే సరిపోదు. సైకియాట్రిస్ట్‌ను కలవండి, గుండె దడ, బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా చేయించుకోండి. మనసు తట్టుకోలేనట్లు అనిపిస్తే ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.