మీ గొడవ బావగారితో కాదు

ప్రశ్న: మేడం, నాకు 42 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాది ఉప్పాడ దగ్గర ఊరు. అమ్మ పోయాక నాన్న ఆ ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. రిటైర్డ్ టీచర్. ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చేయమని, సముద్రం ఇంకెంత లోపలికి వస్తుందో మ్యాపులు చూపించి మరీ చెప్పాను. రానన్నారు. అక్కా బావా హ్యూస్టన్‌లో ఉంటారు. బావ ఆయిల్ కంపెనీలో ఇంజినీర్. వాతావరణ మార్పు అంతా బూటకమని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రోజూ ఏదో ఒకటి పెడతాడు. నేను ఆధారాలతో జవాబిస్తాను. పోయిన నెల ఒళ్లు మండి ‘ఆయిల్ డబ్బు తినేవాళ్లకి నిజం ఎలా కనిపిస్తుంది’ అనేశాను. అక్క మాట్లాడటం మానేసింది. ‘ఏమీ కాదు మావయ్యగారూ, భయపడకండి’ అని బావ పెడితే, నాన్న దానికి బొటనవేలు గుర్తు పెట్టారు! బావ నోరు మూయించే గట్టి ఆధారం చెప్పండి. లేదంటే గ్రూపులోంచి వచ్చేయమంటారా?

జవాబు: ఆధారాల కోసం నాకు రాయడమేమిటండీ? అవి మీ దగ్గర నాకంటే ఎక్కువే ఉంటాయి. భూమి వేడెక్కుతోందన్న విషయంలో మీ మాటే నిజం. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లున్న, వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. 2035 నాటికి హిమాలయాల్లో హిమానీనదాలు కరిగిపోతాయని ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం, రాసిన మాట తప్పని మీ బావగారు అంటారు. తప్పే. 2010లో వాళ్లే ఒప్పుకున్నారు కూడా. ఒక్క పేజీ తప్పయితే పుస్తకమంతా తప్పయిపోదు. అలాగే ఉప్పాడ తీరాన్ని సముద్రం కోసేయడానికంతటికీ భూమి వేడెక్కడమే కారణమని మీరు రాసి ఉంటే మీరూ తొందరపడ్డట్టే. ఆనకట్టలు వచ్చాక గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గింది, కాకినాడ రేవు దగ్గరి కట్టడాలు, కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవి పెరగడం కూడా ఆ తీరం మీద అలల తీరుని మార్చాయి. పెరుగుతున్న సముద్రమట్టం వీటికి తోడైంది.

ఇదంతా గ్రూపులో పెట్టినా మీ బావగారు మారరు. రిచర్డ్ ముల్లర్ అని అమెరికాలో ఒక భౌతిక శాస్త్రవేత్త ఈ లెక్కల్ని గట్టిగా శంకించేవాడు. తనే ఒక బృందాన్ని కూడగట్టి, ఉష్ణోగ్రతల రికార్డులన్నీ తిరగదోడి, భూమి వేడెక్కడానికి మనుషులే కారణమని 2012లో ఒప్పుకున్నాడు. బావమరిది పెట్టిన గ్రాఫ్ చూసి మాత్రం కాదు. సరే, ఆ సంగతి వదిలేయండి.

మీ ఉత్తరం చాలా పొడుగ్గా ఉంటే ఇక్కడ కుదించాం. అందులో పేజీలకి పేజీలు బావగారే. నాన్నగారి గురించి నాలుగైదు వాక్యాలు. నేను మళ్లీ మళ్లీ చదివింది వాటినే.

ఉప్పాడ తీరం మనిషికి సముద్రం సంగతి మ్యాపులో చూపించాలా? తాము నడిచిన వీధులు ఇప్పుడు నీళ్లలో ఉన్నాయని అక్కడ ఏ పెద్దాయన్ని అడిగినా చెబుతారు. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టాలతో జియోట్యూబ్ గోడ కట్టారు. అయినా పెద్ద తుఫాను వస్తే చాలు, బీచ్ రోడ్డు కోసుకుపోతుంది. ఇవన్నీ కళ్లారా చూసిన ఆయనకి మీ మ్యాపులో కొత్తగా కనిపించింది ఒక్కటే: ఇల్లు అమ్మెయ్యి. అల్లుడి మెసేజ్‌లో కనిపించింది: ఇక్కడే ఉండొచ్చు. ఆయన బొటనవేలు దానికండీ, శాస్త్రం మీద తీర్పు కాదు. పైగా అల్లుడు అందరి ముందు మావయ్యగారూ అని ధైర్యం చెబుతుంటే, కూతురు చూస్తుండగా, కాదంటారా ఏ తండ్రయినా?

మీకు కాలుతున్నది బావగారి మాటకి కాదు. మీరు రమ్మంటే రాని నాన్న, అల్లుడు ఉండమంటే సరేనన్నారు. అదీ మీ బాధ. ఆ బాధ ఆయనతో చెప్పుకోలేక హ్యూస్టన్ మీద పడ్డారు.

కన్నవాళ్లని చూసుకోవడం కొడుకు బాధ్యతే, నేనూ అదే నమ్ముతాను. కానీ భయపెట్టి కదిలించడం నాకు గిట్టదు. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మనిషికి మీరు పాఠం చెప్పబోయారు. అక్కడ ఆయన మాస్టారు, నలుగురూ పలకరిస్తారు. మీ ఫ్లాట్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా ఆయన ఏం చేస్తారు? అన్ని పేజీల్లో ఆ సంగతి ఒక్క ముక్క లేదు.

ముందు అక్కకి ఫోన్ చేయండి. ఆయిల్ డబ్బు తినేవాళ్లన్నారే, ఆ అన్నం మీ తోబుట్టువూ తింటోంది. ‘అనకూడని మాట అన్నానక్కా’ అనండి, అంతే. ‘బావ కూడా...’ అని తోక తగిలించకండి. బావగారికి వేరే సంజాయిషీ అక్కర్లేదు, ఆవిడే చెబుతుంది. గ్రూపులో ఉంటారో మానుతారో మీ ఇష్టం.

తర్వాత ఊరెళ్లండి. పిల్లల్నీ తీసుకెళ్లండి. ల్యాప్‌టాప్ వద్దు, అమ్మకం ఊసు అసలే వద్దు. ఒక్క సంగతి మాత్రం తేల్చుకు రండి: తుఫాను హెచ్చరిక వస్తే ఆయన ఎవరింటికి వెళ్లాలి, ఎవరు వచ్చి తీసుకెళ్లాలి. పిఠాపురంలోనో కాకినాడలోనో మనవాళ్లు ఎవరో ఒకరుంటారుగా. ఆ ఇల్లేదో ఆయన్నే చెప్పమనండి. అక్టోబరు, నవంబరు నెలలు రాకముందే ఈ ఏర్పాటు కావాలి. మందుల చీటీ, ఫోన్ నంబర్లు రాసిన కాగితం ఆయన దగ్గర ఒకటి, పక్కింట్లో ఒకటి ఉంచండి. ఇంటి దస్తావేజులు మాత్రం భద్రం చేస్తానంటూ మీతో తెచ్చుకోకండి. ఇప్పుడాయనకి అది ఇంకోలా వినిపిస్తుంది.