మొక్కు మీది, పిలుపు అబ్బాయిది

ప్రశ్న: మాది విశాఖ గాజువాక. మావారు స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తారు. ఒక్కడే కొడుకు, ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. ‘సెమినరీలో చేరి ఫాదర్‌నవుతా’ అంటున్నాడు. అప్పట్నుంచి మావారు వాడితో మాట్లాడటం మానేశారు. అత్తగారు వంశం ఆగిపోతుందని ఏడుస్తున్నారు. లవ్ ఫెయిల్యూరా అని బంధువుల ఆరా! వాడు కడుపులో ఉన్నప్పుడు, బిడ్డ దక్కితే దేవుడికే ఇచ్చేస్తానని రాస్ హిల్ మీద మరియమ్మకు మొక్కుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు వాడికి చెప్పాలా? ప్రోత్సహించాలా, ఆపాలా?

జవాబు: ఇప్పుడు చెప్పకండమ్మా. చెబితే, రేపు సెమినరీలో మనసు మారినా ‘అమ్మ మొక్కు చెల్లకుండా చేశాను’ అన్న భయంతో అక్కడే ఉండిపోతాడు. శ్రీసభ (కేథలిక్ చర్చి) చట్టం ప్రకారం మొక్కు మొక్కుకున్నవారికే వర్తిస్తుంది, ఇంకొకరిని కట్టిపడేయదు. మనసు పీకుతుంటే మీ విచారణ గురువులతో, అంటే మీ చర్చి ఫాదర్‌తో మాట్లాడండి. మొక్కు నుంచి విడుదల ఇచ్చే అధికారం ఆయనకుంది. గురుపట్టానికి (ఫాదర్ కావడానికి) ఎవరినీ బలవంతపెట్టకూడదనీ, తగినవాణ్ణి అడ్డుకోకూడదనీ కూడా అదే చట్టంలో ఉంది. మొదటి మాట మీకు, రెండోది మీవారికి.

సెమినరీలో చేరగానే ఫాదర్ అయిపోరు. తత్వశాస్త్రం రెండేళ్లు, వేదాంతశాస్త్రం నాలుగేళ్లు తప్పనిసరి. సాధారణంగా వీటికి ముందూ మధ్యలోనూ ఇంకొంత శిక్షణ ఉంటుంది. 25 ఏళ్లు నిండాలి. ముందు డీకన్ పట్టం (ఫాదర్‌ కావడానికి ముందు మెట్టు), ఆ తర్వాత కనీసం ఆరు నెలలకు గురుపట్టం. ఈలోగా వాడు వద్దనుకోవచ్చు, వాళ్లే ‘నీకిది సరిపడదు’ అని పంపేయనూ వచ్చు.

నా భయమల్లా ఆ తిరిగి రావడం గురించే. సెమినరీకి వెళ్తున్నాడనగానే మనవాళ్లు ఫ్లెక్సీ కట్టి, శాలువా కప్పి, అప్పుడే ‘ఫాదర్‌గారూ’ అని మొదలుపెడతారు. (ఫ్లెక్సీ లేనిదే మనకు ఏ పనీ జరగదు కదా.) మూడేళ్లకు వాడు ఇంటికొస్తే వీధిలో తలెత్తుకోలేడు. అందుకే హడావిడి వద్దు. ‘వెళ్లు. నచ్చకపోతే వచ్చేయ్, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు’ అని మీ ఇద్దరి నోటా వాడు వినాలి. మీరడిగిన ప్రోత్సాహం ఇదే.

లవ్ ఫెయిల్యూర్ సంగతి బంధువులకు వదిలేయకండి. మీరే ఒకసారి సూటిగా అడగండి. ఉద్యోగాల టెన్షన్ ఏమైనా ఉందా అనీ అడగండి. అవుననగానే దేవుడి పిలుపు అబద్ధమైపోదు, కానీ కాస్త ఆగడం మంచిది. డిగ్రీ మాత్రం పూర్తి చేయనివ్వండి. ఒక ఏడాది ఉద్యోగం చేసి వెళ్లినా పోయేదేం లేదు.

మీవారి మౌనం వెనక ‘ముసలితనంలో మమ్మల్నెవరు చూస్తారు’ అన్న ప్రశ్న ఉండొచ్చు. అది న్యాయమైనదే. మేత్రాసన గురువైతే (ఒక బిషప్ పరిధిలో పనిచేసే ఫాదర్ అయితే) బ్రహ్మచర్యం, పీఠాధిపతికి, అంటే ఆ బిషప్‌కు విధేయత ఉంటాయి కానీ పేదరిక వ్రతం ఉండదు. తన డబ్బుతో తల్లిదండ్రులకు సాయం చేయొచ్చు. మఠవాస సభలో (వ్రతాలు తీసుకుని కలిసి జీవించేవాళ్ల సంఘంలో) చేరితే పేదరిక వ్రతమూ ఉంటుంది, ఎంత దూరమైనా పంపొచ్చు. అబ్బాయి ఏ దారి అనుకుంటున్నాడో మీరు రాయలేదు, ముందు అది కనుక్కోండి. తండ్రీకొడుకుల మధ్య మీరు కబుర్లు మోయకండి. పిలుపుల బాధ్యత (కొత్తగా చేరాలనుకునేవాళ్ల సంగతి) చూసే ఫాదర్ దగ్గరికి అబ్బాయిని మీవారినే తీసుకెళ్లమనండి. ఒక్కడే కొడుకు సంగతి, ఖర్చులు, సెలవులు, మాకు జబ్బు చేస్తే ఏంటి అన్నీ మీవారినే అడగనివ్వండి, కోపంగా అడిగినా సరే.

అత్తగారి ఏడుపు ఇప్పట్లో ఆగదు. ఆపమని కూడా అనకండి.